బోరు ఆట, రెండో కూర్పు

పాలమూరులో కంప్యూటర్ అనే పదార్థాన్ని మొట్టమొదట ముట్టుకున్న పదిమందిలో నేనొకణ్ణి. మిగతా తొమ్మిదిమందిని అడిగినా ఇదే చెబుతారు. అందుకే ఆ పదిమంది ఇప్పటికి ఆరువందలు దాటారు.

తొంభైల నడిమి మాట. మా ఆఫీసుకు కంప్యూటర్లు వస్తున్నాయని, టైపు మిషన్లను స్టోరు గదిలో పెడతారని, టైపిస్టులను కూడా అదే గదిలో పెట్టి తాళం వేస్తారని ఒక పుకారు లేచింది. నేను టైపిస్టును. ఆ వారమే క్లాక్ టవర్ దగ్గర టైలర్ షాపు మీదున్న కంప్యూటర్ సెంటర్‌లో చేరిపోయాను. సెంటర్ అంటే ఒక గది, మూడు మిషన్లు, ఒక ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, మే నెలలో నేను మఫ్లరు కట్టుకుని బజారులో నడుస్తుంటే జనం జాలిగా చూసి దారి ఇచ్చేవాళ్లు.

ఆ మిషన్లు నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు చూపించే రకం. వాటి కడుపులో ఏదీ దాచుకునే జాగా లేదు. ఏం చేయాలన్నా అప్పడమంత నల్లటి ఫ్లాపీ ఒకటి నోట్లో పెట్టాలి. తీసేస్తే మిషన్‌కు వెనుకటి జన్మ కూడా గుర్తుండదు.

మాకు నేర్పే సారు పాతికేళ్ల ముస్లిం యువకుడు. నాకన్నా ఏడెనిమిదేళ్లు చిన్న. నేను ఆయన్ను సార్ అనేవాణ్ణి, ఆయన నన్ను అన్న అనేవాడు. హైదరాబాద్‌లో కోర్సు చేసి వచ్చి, కిరాయికి గది తీసుకుని సెంటర్ పెట్టాడు. వాళ్ల నాయన బోరుబండి మీద డ్రిల్లరు. ముప్పై ఏళ్లు అటు దేవరకొండ నుంచి ఇటు కృష్ణ ఒడ్డు దాకా భూమిలో ఆయన పొడవని చోటు లేదు. మా జిల్లాను, పక్క జిల్లాను ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తే జల్లెడలాగా కనబడతాయి. అందులో సగం రంధ్రాలు పెద్దాయనవే.

ఈ సారు మాకు పాఠాలు చెప్పగా మిగిలిన వేళల్లో ఒక ఆట రాశాడు. దాని పేరు బోరు. నేను తర్వాతి రోజుల్లో మా అల్లుళ్ల ఇళ్లల్లో, మనవల చేతుల్లో ఎన్నో ఆటలు చూశాను. కార్లు పరుగెత్తేవి, మనుషులు ఎగిరి తన్నేవి, తుపాకులు పేలేవి. ఒక్కటీ ఆ బోరు ఆట కాలిగోటికి సరిపోదు. ఇది నేను ఏ కోర్టులోనైనా చెబుతాను.

ఆట మొదలుపెడితే నల్లటి తెర మీద నక్షత్రాల గుర్తులతో గీసిన ఒక చేను వస్తుంది. అందులో నాలుగు తుమ్మచెట్లు. తుమ్మచెట్టు అంటే ఇంగ్లీషు వై అక్షరమే, కానీ పది నిమిషాలు చూస్తే ముల్లు గుచ్చుకునేది. చేనులో ఎక్కడ బోరు వేయాలో మనం పాయింట్ పెట్టాలి. మొత్తం ఇరవై రాడ్లు. మీట నొక్కితే ఒక రాడ్డు భూమిలోకి దిగుతుంది. బోరు నోట్లోంచి దుమ్ము లేస్తుంది. మొదట్లో చుక్కలు. చుక్కలు అంటే మొరం, గరుకు ఎర్రమన్ను. ఆ తర్వాత శాతం గుర్తులు. శాతం గుర్తులు అంటే బండ, తెల్లటి రాతిపిండి. అట్లా రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే, శాతం గుర్తుల మధ్య ఒక్కసారి, ఒకే ఒక్కటి, కామా కనబడేది.

కామా అంటే తడి. దుమ్ము ముద్ద కట్టింది, పదును తగిలింది అని. అప్పటికి పన్నెండేళ్లుగా నేను సర్కారు ఉత్తరాల్లో కామాలు కొడుతున్నాను. లక్షల్లో కొట్టి ఉంటాను. ఒక కామాను చూసి ఒళ్లు జలదరించడం మాత్రం ఆ గదిలోనే నేర్చుకున్నాను. ఎందుకంటే ఆ కామా కింద నీళ్లు తర్వాతి రాడ్డుకే ఉండవచ్చు, తొమ్మిది రాడ్ల కింద ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. ఇక్కడే దింపాలా, పీకి ఇంకో మూలకు పోవాలా. ఆ ఒక్క ప్రశ్నే ఆట. మార్కులు లేవు, గెలుపని ఓటమని రాయడం లేదు, చప్పుడు లేదు.

చప్పుడు లేదంటే మాటలు లేవని కాదు. ఆటలో ఒక అవ్వ ఉండేది. బోరుబండి వచ్చిన ప్రతి ఊళ్లో ఒక అవ్వ వచ్చి కూర్చుంటుంది, ఎవరూ అడగకుండానే సలహా చెబుతుంది. ఇది పెద్దాయన ముప్పై ఏళ్ల అనుభవంలో ఒక్క ఊళ్లో కూడా తప్పలేదట. ఆ అవ్వను సారు ఆటలో కూర్చోబెట్టాడు. బొమ్మ లేదు. రాడ్డు దిగినప్పుడల్లా తెర అడుగున ఆమె మాట ఒక వరుస వచ్చేది, ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు.

"ఆ మూలకు పెట్టమంటి. నా మాట ఎవడింటడు."

"నీళ్ల సంగతి తర్వాత, నీ మొకం ఎట్ల ఎండిందో సూడు."

"కోడికి నూకలు ఎయ్యాలె, పోయొస్త. నేనొచ్చేదాంక తోడకు."

ఇట్లాంటివి ముప్పై ఎనిమిది. అన్నిటికన్నా గొప్ప సంగతి, చివరి ఐదు రాడ్లు మిగిలినప్పుడు అవ్వ మాట ఆపేసేది. తెర అడుగున ఖాళీ. ఆ ఖాళీని చూశాక మీట నొక్కే ముందు నేను మఫ్లరు విప్పి మళ్లీ కట్టుకునేవాణ్ణి. నీళ్లు పడితే మాత్రం కింది నుంచి పైదాకా గీతలు గీతలుగా తెర నిండిపోయి, అవ్వ ఒక్క మాట అనేది. "మొదటి చెంబు బండాయనకు ఇయ్యుర్రి." అంతే. ఆ మాట కోసం నేను రెండు కోర్సులు ఫెయిలయ్యాను.

శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యాక పెద్దాయన సెంటర్‌కు వచ్చేవాడు. బండి మానేసి రెండేళ్లయింది. ముప్పై ఏళ్లు కంప్రెసర్ పక్కన నిలబడినందుకు చెవులు పోయాయి. మందపు గొంతుతో చెవి దగ్గర అరిస్తే వినబడేది. సన్నటి చప్పుళ్లు ఏవీ తెలిసేవి కావు. కొడుకు బండి ఎక్కను, కంప్యూటర్ నేర్చుకుంటానన్న రోజున ఆయన కొట్లాడలేదట. కొట్లాడి ఉంటే బాగుండేదని సారే ఒకసారి నాతో అన్నాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య ఉప్పు అందుకో, తలుపు వేసుకో అన్నంత మేరకే మాటలు.

శుక్రవారం ఆ ఒక్క గంట మాత్రం ఆయన కొడుకు పక్కన కుర్చీలో కూర్చుని బోరు వేసేవాడు. ఇంగ్లీషు అక్షరాలు రావు. గుర్తులు చాలు. తెర దగ్గరికి ముక్కు పెట్టి, "ఇది ఎండు. ఇదీ ఎండే. ఆగు, ఇది పదును" అని చదివేవాడు. అవ్వ మాటలు చదివి ఆయన చెవిలో అరవడం నా డ్యూటీ. నా గొంతు చిన్నదేం కాదు. అవ్వ ఏమన్నదో కింద టైలర్ షాపులో కొలతలు ఇచ్చే వాళ్లకు కూడా తెలిసేది. ఒక రోజు కింద మిషన్ ఆపి, "ఇంగెన్ని రాడ్లున్నయి చాచా" అని టైలరు పైకి అరిచాడు.

పెద్దాయన అవ్వకు జవాబిచ్చేవాడు. "నువ్వు కోడి సంగతి సూస్కో పో అమ్మా, మాకు ఎర్క." ఆ తర్వాత కొడుకువైపు తిరిగి, ఇట్లాంటి రాయి ఫలానా ఊళ్లో తగిలిందని, అక్కడ ఏం చేశామో చెప్పేవాడు. సారు ప్రశ్నలు అడిగేవాడు. పెద్దాయన చెప్పేవాడు. ఆ ఒక్క గంటకే వాళ్లిద్దరూ తండ్రీకొడుకులు. మిగతా వారమంతా ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు కిరాయిదారులు.

ఇంత గొప్ప ఆటను భూమ్మీద లేకుండా చేసింది నేనే. ఇప్పుడది చెప్పాలి.

దసరా వచ్చింది. మా ఆఫీసులో ఆయుధపూజ నా ఆధ్వర్యంలోనే జరుగుతుంది. టైపు మిషన్లకు, జీపుకు, స్టాంపు ప్యాడుకు, గుండుసూదుల డబ్బాకు, ఎవరూ తెరవని బీరువాకు, అన్నిటికీ బొట్లు పెట్టడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు. సెంటర్‌లో కూడా పెడదామని సారును అడిగాం.

"పెట్టుకోర్రి అన్నా. కరెంటు తీగల్లకు మాత్రం పెట్టకుర్రి," అన్నాడు, కొబ్బరికాయ తానే తెచ్చిచ్చి.

మిషన్లకు పెట్టాను. ఏసీకి పెట్టాను. ఏసీ కింద నీళ్లు పట్టే బకెట్‌కు కూడా పెట్టాను. చివరికి ఫ్లాపీల డబ్బా వచ్చింది. మిగతా ఫ్లాపీలకు కాగితం కవర్ల మీదే అద్దాను. బోరు ఆట ఫ్లాపీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం భక్తి పొంగింది. కవరులోంచి బయటికి తీశాను. ఫ్లాపీకి ఒకవైపు నిలువుగా ఒక సందు ఉంటుంది, అందులోంచి లోపలి గోధుమరంగు బిళ్ల నున్నగా మెరుస్తూ కనబడుతుంది. ఎంత చక్కటి నుదురు. కంపెనీవాడు ఇంత ఆలోచించి బొట్టుకు జాగా వదిలితే అట్ట మీద పెట్టడం ఏం మర్యాద అనిపించింది. పసుపు తడిపి రాసి, దాని మీద కుంకుమ, నిండుగా, గుండ్రంగా పెట్టాను. ఆ ఆటకు ఇంకో కాపీ కూడా ఉండేది. దానికీ పెట్టాను. పక్షపాతం నా రక్తంలో లేదు.

పండగ మర్నాడు మిషన్ మొదటి ఫ్లాపీని నోట్లో పెట్టుకుని, చెరుకు ఆడించే మిషన్ చప్పుడు చేసి, ఆపేసింది. సారు రెండోది పెట్టాడు. అదే చప్పుడు. సారు ఫ్లాపీని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పెట్టి చూశాడు. సందులో నా కుంకుమ ఎర్రగా కనబడింది.

"సార్, అది నేనే పెట్టిన."

"ఇంకోదానికి గూడ?"

"ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకుంటె మంచిగుండదని."

ఆయన రెండో ఫ్లాపీని కూడా వెలుతురుకు పెట్టి చూశాడు. ఏడాదిన్నర పని. కాగితం మీద ఎక్కడా లేదు, ప్రింటర్ రిబ్బను ఎండిపోయి నెలలైంది. నన్ను కిటికీలోంచి కిందికి తోసినా, టైలరు మీద పడతాను కాబట్టి పెద్ద దెబ్బ తగలదని నేను లెక్క వేసుకుంటున్నాను.

"మంచిగ పెట్టిండ్రన్నా," అన్నాడు చివరికి. "సరిగ్గ నడిమిట్ల పెట్టిండ్రు."

మిగతావాళ్లు అడిగితే ఫ్లాపీలకు బూజు పట్టిందని చెప్పాడు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. మా ఆఫీసులో గుండుసూది పోతే మూడు మెమోలు ఇచ్చే అధికారులను చూసినవాణ్ణి నేను. ఆ కుర్రవాడి పెద్దరికం ముందు వాళ్లంతా నిక్కర్లు వేసుకున్న పిల్లల్లాగా కనబడ్డారు.

ఆ శుక్రవారం పెద్దాయన వచ్చాడు. ఆట రిపేరులో ఉందని చెవిలో అరిచాను. నల్లటి తెరవైపు కాసేపు చూసి, "ఎప్పుడైతది" అన్నాడు. అయితది చాచా అన్నాను. తర్వాతి శుక్రవారం కూడా వచ్చాడు, ఆ తర్వాత కూడా. కొడుకు పక్కన ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, మాట్లాడటానికి ఏమీ లేక లేచిపోయేవాడు. చూస్తుంటే నాకు ఆ బొట్టు నా నుదుటి మీదే ఎవరో కాల్చి పెట్టినట్టుండేది.

సారు మళ్లీ రాయడానికి కూర్చున్నాడు. ఆ సమయంలోనే, మిషన్లు సప్లై చేసే హైదరాబాద్ డీలరు ఒకాయన వచ్చి సంగతి విన్నాడు. రంగుల తెర ఉన్న కొత్త మిషన్ ఒకటి సారుకు కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చాడు. ఆట రంగుల్లో రాయమన్నాడు. బాగుంటే అమ్మే ప్రతి మిషన్‌తో పాటు ఆ ఆట కూడా ఇస్తానన్నాడు. పాలమూరు నుంచి అట్లాంటిది బయటికి పోవడమంటే మాటలా. ఊరు మొత్తానికి నేనే చెప్పాను. బస్టాండులో కండక్టర్లకు కూడా చెప్పాను.

మూడు నెలలు పట్టింది. రెండో కూర్పు తయారైందని, శుక్రవారం మొదలుపెడతానని సారు చెప్పాడు. ఆ రోజు గది బయట ఎన్ని చెప్పులు పోగయ్యాయంటే, కింద టైలరు పైకి వచ్చి ఇక్కడ పెళ్లి ఎవరిదని అడిగాడు. పెద్దాయన తెల్లటి లాల్చీ వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. ఆయన్ను మొదటి కుర్చీలో కూర్చోబెట్టి, నేను నా పాత స్థలంలో, ఆయన కుడిచెవి పక్కన, గొంతు సవరించుకుని సిద్ధంగా నిలబడ్డాను.

తెర వెలిగింది. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. నిజం చెప్పాలి, ఆ పనితనం మామూలుది కాదు. నీలం రంగు ఆకాశం, అందులో తెల్లటి మబ్బు కదులుతోంది. మిషన్‌కు ఉన్నవి పదహారు రంగులే, పదిహేడోది ఆయన ఎక్కడినుంచి తెచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ కింద చేను చూసేసరికి నాకు అనుమానం వచ్చింది. పచ్చగా, నిగనిగలాడుతూ, నిండుగా ఉంది. అంత పచ్చగా ఉన్న చేనుకు బోరు ఎందుకో నాకు అర్థం కాలేదు. తుమ్మచెట్లు పోయి కొబ్బరిచెట్లు వచ్చాయి.

పాట మొదలైంది. ఏ పాటో చెప్పలేను, సైకిల్ బెల్లు జ్వరంలో కలవరించినట్టుంది. అవ్వ లేదు. ఆమె జాగాలో టోపీ పెట్టుకున్న ఒక ఇంజనీరు నిలబడి నవ్వుతున్నాడు. బోరు దగ్గర టోపీ పెట్టుకుని నవ్వే మనిషిని మా జిల్లాలో ఎవరూ చూడలేదు. కింద మార్కులు, మూడు ప్రాణాలు, నీళ్లు పడకముందే రాడ్లు పీకితే ఒక ప్రాణం పోతుంది. ఇరవై రాడ్లు కాదు, ఎన్నైనా దింపుకోవచ్చు.

పెద్దాయన రాడ్డు దింపాడు. గోధుమరంగు దుమ్ము అందంగా లేచింది. ఇంకో రాడ్డు. అదే దుమ్ము, అదే రంగు. ఆయన ముక్కు తెరకు ఆనించి వెతుకుతున్నాడు. కామా లేదు. ఐదో రాడ్డుకు మిషన్ టింగ్ అన్నది. అది నీళ్లు దగ్గరున్నాయనే సైగ. గదిలో అందరికీ వినబడింది. పెద్దాయన రాడ్లు పీకి ఇంకో మూలకు పోయాడు.

అక్కడా టింగ్. అక్కడినుంచీ పీకాడు.

నేను ఉండబట్టలేక చెవిలో అరిచాను. "చాచా, టింగ్ అన్నది. గక్కడనే ఉన్నయి నీళ్లు."

"ఏంది, టింగా?" నావైపు తిరిగాడు. "బోరుల టింగ్ ఎందుకంటది? చెంబు పడ్డదా అందుల?"

మూడో మూలనుంచి కూడా పీకాడు, మూడు ప్రాణాలూ పోయాయి. ఇంజనీరు నవ్వుతూ మళ్లీ ప్రయత్నించమని ఇంగ్లీషులో అన్నాడు. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. కొడుకు భుజం మీద చేయి వేశాడు.

"మంచిగున్నది బేటా. రంగులు మంచిగున్నయి," అన్నాడు.

పెళ్లికి వచ్చి వంటలు బాగున్నాయని చెప్పి తినకుండా పోయే పెద్దమనుషులు ఉంటారు. ఆయన అట్లా మెట్లు దిగిపోయాడు. మిగతావాళ్లు సాయంత్రం దాకా ఒకరినొకరు తోసుకుంటూ ఆడారు. టింగ్ అన్నచోట దింపితే నీళ్లు పడతాయి, కుళాయి బొమ్మ ఒకటి వచ్చి నాట్యం చేస్తుంది. నాలుగు రోజుల్లో అందరూ అన్నిసార్లూ గెలిచారు. ఐదో రోజు ఎవరూ ఆడలేదు.

తర్వాతి శుక్రవారం పెద్దాయన రాలేదు. ఆ పై శుక్రవారం కూడా రాలేదు.

క్లాసు అయ్యాక సారు ఒక్కడే ఉన్నప్పుడు నేను ఎదురుగా కూర్చున్నాను. ఆటను చంపినవాడికి, మళ్లీ పుట్టిన ఆటకు వంకలు పెట్టే హక్కు ఉంటుందా అని ఆఫీసులో పూటంతా ఆలోచించి, ఉండదని తేల్చుకుని, అయినా వచ్చాను.

"సార్, అవ్వ యాడికి పోయింది?"

"డీలరు తియ్యమన్నడు. హైదరాబాద్ల అవ్వ మాట ఎవరికి సమజైతదన్నడు."

"కామాలు?"

"రంగులొచ్చినంక కామాలెందుకు అన్నా. టింగ్ పెట్టిన గద."

"మీ అబ్బకు టింగ్ వినబడదు సార్."

ఆయన నావైపు చూశాడు.

"నాకు యాదికే రాలే," అన్నాడు. "ఏం వినబడతది, ఏం వినబడదు, ఇంట్ల మాట్లాడితె గద తెలిసేది."

ఇంకో మనిషైతే ఆ మాట దగ్గర ఆగి కళ్లు తుడుచుకుని ఇంటికి పోయేవాడు. ఈయన వెంటనే నోటుబుక్కు తీశాడు. అవ్వ మాటలు నాకెన్ని గుర్తున్నాయని అడిగాడు. ఏడాది పాటు వాటిని అరిచి ఊరికి వినిపించినవాణ్ణి, ముప్పై ఎనిమిదీ గడగడా చెప్పేశాను. రెండు నా సొంతవి కూడా కలిపాను. అవి గుర్తుపట్టి కొట్టివేశాడు. చిక్కు కామాల దగ్గర వచ్చింది. ఏ లోతున రావాలి, ఒకటి వచ్చాక ఎన్ని రాడ్లకు రెండోది రావాలి, ఎప్పుడు వచ్చి మాయమవ్వాలి, ఆ వరుస ఆయనకే గుర్తు లేదు. మొదటిసారి రాసినప్పుడు చిన్నప్పుడు తండ్రి చెప్పిన కబుర్లను బట్టి రాశాడు. అవి ఇప్పుడు కలగాపులగమైపోయాయి.

"అబ్బను అడగాలె," అన్నాడు, ఎవరో తెలియని ఆఫీసరును కలవాలన్నంత భయంగా.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాడట. నీళ్లు పడేముందు దుమ్ము ఎట్లుంటదని చెవి దగ్గరికి పోయి, గట్టిగా. పెద్దాయన కంచంలో చేయి ఆపి, "నోటితోని చెప్తె రాదది. పోదాం పా," అన్నాడట. మర్నాడు పొద్దున్నే నాకు కబురు వచ్చింది. దేవరకొండ అవతల ఒక తండా దగ్గర ఆయన పాత బండి నడుస్తోంది, పోతున్నాం అని. నన్ను ఎవరూ రమ్మనలేదు. నేను సీఎల్ పెట్టి ముందే బస్సెక్కి కూర్చున్నాను.

అక్కడికి చేరేసరికి బండి పని మీద ఉంది. ఆ చప్పుడు వర్ణించడం నా వల్ల కాదు. చెప్పగలిగింది ఒకటే, నా తల లోపల ఉన్నవి అన్నీ జాగాలు మార్చుకున్నాయి. సారు ఏదో అంటున్నాడు, పెదవులు కదలడమే కనబడుతోంది. నేను అరిచిన అరుపు నాకే వినబడలేదు. ఆ చేనులో మేమంతా చెవిటివాళ్లం. పెద్దాయన ఒక్కడే మామూలుగా ఉన్నాడు. బండివాళ్లు ఆయన్ను చూసి చేయి ఎత్తారు. ఆయన వేళ్లతో ఏదో అడిగాడు, వాళ్లు వేళ్లతో చెప్పారు. పన్నెండు రాడ్లు దిగాయట.

ఆయన కొడుకును చేయి పట్టుకుని బోరు నోటి దగ్గరికి తీసుకుపోయాడు. లేస్తున్న దుమ్ములో చేయి పెట్టి, పిడికెడు పట్టి, కొడుకు అరచేతిలో పోశాడు. పిండిలాగా జారిపోయింది. ఇంకో రాడ్డు దిగేదాకా ఆగాడు. మళ్లీ పట్టి పోశాడు. ఈసారి కొంచెం నిలిచింది. కొడుకు వేళ్లను తన వేళ్లతో ముడిచి, విప్పి, ఆ దుమ్ము మీద పడిన వేలి గుర్తు చూపించాడు. తర్వాత ఇద్దరూ వంగి, మట్టి మీద కూర్చుని, నేల మీద అరచేతులు ఆనించి ఉండిపోయారు. లోపల సుత్తి కింద రాయి మారినప్పుడల్లా పెద్దాయన తల ఊపేవాడు. పదోసారికి కొడుకు ముందే తల ఊపాడు. పెద్దాయన నవ్వాడు. తెల్లటి దుమ్ము పట్టి ఇద్దరూ ఒకే మనిషికి రెండు కాపీల్లాగా ఉన్నారు.

గట్టు మీద ఒక అవ్వ గొడుగు వేసుకుని కూర్చుని, ఎవరికీ వినబడని సలహాలు చెబుతూనే ఉంది.

మాకు తిరుగు బస్సు వేళయ్యేదాకా నీళ్లు పడలేదు. బస్సులో ముగ్గురం ఒకే సీటులో ఇరుక్కున్నాం. పది నిమిషాల తర్వాత నేను లేచి నిలబడ్డాను, ఎందుకంటే ఇద్దరూ నా మీదుగా వాదించుకుంటున్నారు. ముందు రంగు మారుతదా, ముందు ముద్ద కడతదా అన్నది వాదం. సారు తండ్రి చెవిలో మందపు గొంతుతో అరవడం నేర్చుకున్నాడు. బస్సు మొత్తం వింటోంది. డ్రైవరు పక్కన కూర్చున్న ఒక రైతు వెనక్కి తిరిగి, "రంగే ముందు మారుతది సాబ్," అన్నాడు. "నువ్వెన్ని బోర్లేసినవు?" అని పెద్దాయన అడిగాడు. నాలుగు అన్నాడు రైతు. "అయితె ఊకో," అన్నాడు పెద్దాయన. కొడుకు పడి పడి నవ్వాడు.

మూడో కూర్పు పాత మిషన్ మీదే, నలుపు మీద పచ్చటి అక్షరాల్లో తయారైంది. రంగుల మిషన్ డీలరుకు తిరిగి పోయింది, దానితో పాటే ఊళ్లకు ఊళ్లు మా ఆట ఆడతాయన్న నా కబురు కూడా పోయింది. సారుకు ఆ బాధ ఉన్నట్టు నాకు ఎన్నడూ కనబడలేదు. ఫ్లాపీలు ఐదు కాపీలు తీసి, నాకు అందనంత ఎత్తులో పెట్టాడు.

మొదటి శుక్రవారం పెద్దాయన తెరకు ముక్కు ఆనించి పదకొండు రాడ్లు దింపి ఆగాడు. కామా కనబడింది. మీట వదిలేసి వెనక్కి వాలాడు.

"అన్నీ సరిగ్గున్నయి గని, బండి నీడల కుక్క ఏది?"

"ఏం కుక్క అబ్బా?" చెవి దగ్గర అరిచాడు సారు.

"బోరుబండి కింద ఒక కుక్క పండుకుంటది. ఏ ఊరికి పోయినా ఉంటది. అది లేకుంటె బండెట్లయితది?"

"జాగా లేదు అబ్బా. మెమరీ నిండింది. ఇంక ఒక్క అక్షరం పట్టదు."

"రాడ్లు రెండు తగ్గియ్యి."

ఉన్నవే ఇరవై రాడ్లు. ఆ ఇరవై మీదే ఆట నడుస్తుంది, ఒకటి తీసినా అవ్వ ఎప్పుడు మాట ఆపాలో లెక్క తప్పుతుంది, తుమ్మచెట్ల దూరాలు తప్పుతాయి. ఒక కుక్క కోసం రెండు రాడ్లు తీయడమంటే నా దృష్టిలో నేను పెట్టిన బొట్టు కన్నా పెద్ద నేరం. చెబుదామని నోరు తెరిచాను.

తండ్రీకొడుకులు అప్పటికే తెర మీదికి వంగారు. కుక్క తల ఎటు పెట్టి పండుకోవాలన్న దాని మీద మాట్లాడుకుంటున్నారు. నేను నోరు మూసుకుని, వాళ్లకు చోటు సరిపోవడానికి నా కుర్చీ ఇంకో అడుగు వెనక్కి జరుపుకున్నాను.